నల్ల అట్టముక్క

తెర మీద టీచరు చేతులు మళ్ళీ తెగాయి.

ఆవిడ రెండు అరచేతులూ గుండె దగ్గరికి తెచ్చి వేళ్ళు విప్పబోతోంది. సరిగ్గా అప్పుడే బొమ్మ నడుం మీదుగా తెల్లటి చారలు పరుగెత్తాయి. మోచేతులు ఒక పక్కకి, ముంజేతులు ఇంకో పక్కకి జరిగిపోయాయి. కాసేపటికి అతుక్కుని మళ్ళీ తెగాయి. టీచరు మాత్రం అదేమీ పట్టనట్టు నవ్వుతూ పాఠం చెప్పుకుపోతోంది.

అది చెవిటి పిల్లల బడివాళ్ళ క్యాసెట్టు. ఎప్పుడో చనిపోయిన ఒక టీచరు సైగలతో చెప్పిన పాఠాలు అలాంటివి పెట్టెడు ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి ఇమ్మని ఆ బడి పెద్ద మేడం స్వయంగా మోసుకొచ్చి ఇచ్చింది. మామూలు పెళ్ళి క్యాసెట్లయితే బొమ్మ కాస్త చెదిరినా పాట వినపడుతూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాటంతా చేతుల్లోనే ఉంది. చెయ్యి తెగిందంటే మాట తెగినట్టే.

"మావయ్యా, మళ్ళీ" అంది పిచ్చుక.

పిచ్చుక అసలు పేరు కొట్లో ఎవరికీ గుర్తులేదు. ఎత్తు స్టూలు అంచున కూర్చుంటుందనీ, కూర్చున్నచోట నిలవదనీ మావయ్యే పెట్టాడా పేరు. మావయ్య అంటే ఆమె తల్లికి తమ్ముడు. పెళ్ళీ పెటాకులూ లేకుండా అక్క ఇంట్లోనే ఉండిపోయాడు. పాత వీడియో మెషిన్లు బాగుచెయ్యడంలో ఊళ్ళో ఆయనకి సాటి లేరు. సాటి రావడానికి ఆ పని చేసేవాళ్ళే మిగల్లేదన్నది వేరే సంగతి.

"చూస్తున్నా" అన్నాడాయన. మెషిను మీదకి ముక్కు తగిలేంతగా వంగి, దీపాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

క్యాసెట్ల నిండా బూజు. అందుకని మెషిను మూత తీసేసి నడపడం ఈ కొట్టు పద్ధతి. టేపు ఎక్కడైనా చిక్కుకుంటే వెంటనే ఆపడానికి మావయ్య దాని మీద కన్నేసి కూర్చుంటాడు. కొంతసేపు నడిచేసరికి టేపు ఒరుసుకునే డ్రమ్ము మురికిపడుతుంది. అప్పుడు పిచ్చుక వంతు. మెత్తటి తోలు అతికించిన పుల్లని స్పిరిట్లో ముంచి డ్రమ్ముకి ఆనించి పట్టుకుంటుంది. రెండో చేతి వేలితో డ్రమ్ముని పైనుంచి మెల్లగా తిప్పుతుంది. తిరగాల్సింది డ్రమ్మే, పుల్ల కదలకూడదు. పైకీ కిందకీ ఆడించారో, డ్రమ్ము అంచున టేపుని చదివే, గోరుమొనంతైనా లేని హెడ్డు పుటుక్కుమంటుంది. మళ్ళీ కొందామన్నా దొరకదు. అందుకే తుడిచేంతసేపూ పిచ్చుక ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటుంది.

ఆ రోజు మూడోసారి తుడుస్తుండగా ఓనరు ముందుగదిలోంచి తలుపు తోసుకుని వచ్చాడు. "నేనేమీ అనడం లేదు" అనడం ఆయనకి అలవాటు. అలా అన్నాడంటే ఏదో అనబోతున్నాడని కొట్లో అందరికీ తెలుసు.

"నేనేమీ అనడం లేదు గురువుగారూ. కానీ మేడం మొదటి కాపీలు వెనక్కి పంపేసింది. పిల్లలకి ఒక్క ముక్క అర్థం కాలేదట. మిగతావి ఇంకెక్కడైనా చేయించుకుంటానంటోంది."

"పాత టేపులు కదా" అన్నాడు మావయ్య.

"మొన్నటిదాకా ఇంతకన్నా పాతవి నడిపారు. అద్దంలా వచ్చాయి. ఇప్పుడే ఏమొచ్చింది?" ఓనరు తెర వైపు చూసి, మెషిను వైపు చూసి, చివరికి పిచ్చుక చేతిలో పుల్ల వైపు చూశాడు. "ఎక్కడో చెయ్యి తేడా ఉంటేనే ఇలా అవుతుంది. మీ చెయ్యా, అమ్మాయి చెయ్యా? మీరే చెప్పండి."

మావయ్య స్క్రూడ్రైవరుని వేళ్ళ మధ్య తిప్పాడు. దాని మొనని బొటనవేలితో తడిమాడు.

"చూడాలి" అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని పిచ్చుక ఎదురుచూసింది. ఆయన అనలేదు. ఓనరుకి ఆ ఒక్క ముక్కా చాలింది.

"అమ్మాయ్, రేపట్నుంచి నువ్వు హెడ్ల జోలికి వెళ్ళకు. ముందుగదిలో కూర్చుని లేబుళ్ళు అతికించు. గురువుగారు తనే తుడుచుకుంటారు."

ఆ మెషిను ముట్టుకునేది ఇద్దరే. ఒకరు గురువుగారు, ఇంకొకరు గురువుగారి మేనకోడలు. ఇద్దర్లో దొంగ ఎవరంటే వేలు ఎటు తిరుగుతుందో చెప్పడానికి పంచాంగం చూడక్కర్లేదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని జనం ఊరికే అనుకునే మాట ఆమెకి ఆ పూట అనుభవంలోకి వచ్చింది.

ఇంటికి పోయేదారిలో మావయ్య ఏదో వాన గురించి మాట్లాడాడు. ఆమె ఊ కొట్టలేదు. అన్నం దగ్గర తల్లి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"ఏమైందే, మూతి ముడుచుకున్నావు?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే అన్నం ఎందుకు కెలుకుతున్నావు? ఏరా తమ్ముడూ, నువ్వేమైనా అన్నావా దీన్ని?"

"నేనేమంటానక్కా" అన్నాడు మావయ్య, కంచం లోంచి తలెత్తకుండా. అన్నాక చెంబు వంచి గ్లాసులో నీళ్ళు పోసుకోబోయాడు. నీళ్ళు గ్లాసు పక్కనుంచి పారాయి. "పరధ్యానం ఎక్కువైంది వీడికి" అని అక్క గుడ్డ తెచ్చి తుడిచింది.

పిచ్చుకకి ఓనరు మీద పెద్దగా కోపం రాలేదు. వ్యాపారం చేసుకునేవాడు ఎవరో ఒకరిని అనాలి, అన్నాడు. మావయ్య అన్న "చూడాలి" మాత్రం మింగుడుపడలేదు. తన చెయ్యి ఎలాంటిదో ఆయనకి తెలియదా? పుల్ల పట్టుకోవడం నేర్పింది ఆయన కాదా?

మర్నాడు ముందుగదిలో లేబుళ్ళు అతికిస్తూ కూర్చుంది. రెండు గదుల మధ్య తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల తెర మీద చేతులు తెగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం మావయ్య టేపుని నడుస్తుండగానే వదిలి, దీపం ఆర్పి, భోజనానికి వెనక వరండాలోకి వెళ్ళాడు. "కాస్త చూస్తూండవే, చిక్కుకుంటే ఆపు" అని చెప్పి మరీ వెళ్ళాడు. హెడ్లు తుడవకూడదుగానీ కాపలా కాయొచ్చన్నమాట. ఆమె వెళ్ళి తన పాత స్టూలు మీద కూర్చుంది.

బొమ్మ నిలకడగా ఉంది. టీచరు ఒక పక్షి గురించి చెబుతోంది కాబోలు, రెండు చేతులూ రెక్కల్లా ఆడించి, ముక్కు దగ్గర వేళ్ళు కలిపి విప్పింది. ఒక్క చార రాలేదు. టేపు మంచి భాగంలోకి వచ్చిందేమో అనుకుంది పిచ్చుక. భోజనం ముగించి చెయ్యి తుడుచుకుంటూ మావయ్య వచ్చాడు, దీపం వేశాడు. పక్షి రెండు ముక్కలైంది.

"నువ్వు లేనంతసేపూ బాగానే ఉంది మావయ్యా" అందామె.

"అదృష్టం" అన్నాడాయన మొహం చిట్లించి.

ఎక్కడ ఏం జరుగుతోందో చూద్దామని ఆమె మెషిను మీదకి వంగింది. తెర మీద చేతులు అతుక్కున్నాయి. వెనక్కి జరిగింది. తెగాయి. మళ్ళీ వంగింది. అతుక్కున్నాయి. తన తల నీడ డ్రమ్ము మీద పడినప్పుడల్లా బొమ్మ బుద్ధిగా ఉంటోంది. నీడ తీసేస్తే పిచ్చెత్తుతోంది.

డ్రమ్ము టేపుని సరిగ్గా చదవాలంటే ఒకే వేగంతో తిరగాలి. తిరిగే హెడ్డు ఏ క్షణాన ఎటువైపు ఉందో మెషినుకి తెలుస్తుండాలి. అందుకని డ్రమ్ము అడుగున ఒక సెన్సరు పెడతారు. అది సన్నటి వెలుగుని పైకి వదులుతూ ఉంటుంది. డ్రమ్ము అడుగుభాగం సగం నలుపు, సగం తళుకు. తళుకు మీద పడిన వెలుగు వెనక్కి వస్తుంది, నలుపు మీద పడింది రాదు. ఆ రావడం, రాకపోవడం గమనించుకుంటూనే మెషిను డ్రమ్ముని అదిలిస్తూ, అదుపులో పెడుతూ నడిపిస్తుంది. బయటి వెలుగు ఎక్కువగా లోపలికి దూరితే దానికి నలుపేదో తళుకేదో తేడా తెలియదు. వేగం తప్పుతుంది, హెడ్డు దారి తప్పుతుంది, బొమ్మ తెగుతుంది. మూత వేసి ఉంటే ఈ గొడవే లేదు.

దీపం కొత్తది. మొన్నటిదాకా ఆ బల్ల మీద మసక పసుపు బల్బుండేది. మావయ్యే ఎక్కడి నుంచో ఈ హాలోజన్ దీపం కొనుక్కొచ్చాడు. ఫోటో స్టూడియోల్లో వాడే రకం, పక్కన కూర్చుంటే చెంప కాలుతుంది. కరెంటు బిల్లు గురించి ఓనరు గొణిగితే, "పని శుభ్రంగా ఉండాలా వద్దా?" అని ఆయన నోరు మూయించాడు కూడా.

పిచ్చుక ఒక్క అడుగు వేసి ఓనరుని పిలవబోయింది. దొరికింది, తప్పు నాది కాదు అని అరవాలనిపించింది. అంతలో మావయ్య చేయిజారిన స్క్రూ కోసం బల్ల మీద వెతకడం కనిపించింది. అది బల్ల మీదే ఉంది, ఆయన చేతికి జానెడు దూరంలో, అంత దీపం కింద మెరుస్తూ. ఆయన అరచెయ్యి బల్లని తుడుచుకుంటూ అటూ ఇటూ పోయింది. ఈమధ్య "ఈ రెసిస్టరు మీద రంగు గీతలు ఏమున్నాయో చదవవే, నాకు చేతులు ఖాళీ లేవు" అని పదేపదే అడగడం, గ్లాసు పక్కన పారిన నీళ్ళు, అన్నీ ఒకేసారి వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి. మావయ్యకి కళ్ళు పోతున్నాయి. ఆమె వెళ్ళి స్క్రూ తీసి ఆయన వేళ్ళ దగ్గరికి జరిపి, ముందుగదిలోకి వచ్చేసింది.

ఆ సాయంత్రమంతా లేబుళ్ళు వంకరగా అతికించింది. దీపం సంగతి చెబితే తను గట్టెక్కుతుంది. మరుక్షణం ఓనరు అడుగుతాడు, అంత దీపం దేనికీ అని. కళ్ళు కనపడని మెకానిక్కుని ఏ కొట్టువాడు పెట్టుకుంటాడు? చెప్పకపోతే ఇవాళ లేబుళ్ళు, రేపు అవీ ఉండవు. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పని. పామూ చావాలి, కర్రా విరగకూడదు. ఇల్లు చేరేసరికి ఒక దారి తోచింది.

"అమ్మా, పాత ఆల్బంలో చివరి పేజీ ఖాళీయేనా?"

"ఖాళీయే. నీ పెళ్ళి ఫోటో అంటిద్దామని ఉంచాను. దేనికి?"

"అప్పటికి ఇంకో ఆల్బం కొనుక్కుందాంలే" అని పిచ్చుక ఆ దళసరి నల్ల పేజీలోంచి కత్తెరతో ఒక ముక్క కోసింది. "బంగారంలాంటి ఆల్బం!" అని తల్లి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. పక్కగదిలో మావయ్య రేడియో వింటున్నాడు.

పొద్దున కొట్టు ఊడ్చి తెరిచేది పిచ్చుకే. ఎవరూ రాకముందే అట్టముక్కని గొడుగులా వంచి, దీపం వైపు నుంచి డ్రమ్ము కింది సందుకి అడ్డంగా నిలబెట్టింది. అంచుల్ని టేపుతో అతికించి, వేలితో డ్రమ్ముని తిప్పి, ఎక్కడా ఒరుసుకోవడం లేదని చెవి పెట్టి విన్నది. పట్టి చూస్తే తప్ప కనిపించదు. చూడాల్సింది ఎవరో, ఆయన చూపెంతో ఆమెకి తెలుసు.

ఆ రోజు ఒక్క చెయ్యీ తెగలేదు. ఆ మర్నాడూ అంతే. మావయ్య దీపాన్ని ముఖానికి ఆనించుకున్నట్టు పెట్టుకుని పనిచేసినా బొమ్మ చెక్కుచెదరలేదు. సంగీతంలా ఉందని ఓనరు నడుం మీద చేతులు పెట్టుకుని తెర ముందు నిలబడ్డాడు. ఆ టేపులో వినడానికి ఏమీ లేదన్న సంగతి ఆయనకి అడ్డు రాలేదు.

"చూశారా గురువుగారూ? నేనేమీ అనలేదు, కానీ చెయ్యి మార్చేసరికి ఎలా దారికొచ్చిందో!"

కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి అయితే పండుని రాల్చింది కాకే అంటారు లోకులు. ఓనరూ లోకుల్లో ఒకడే. పిచ్చుకని తప్పించాడు, మెషిను బాగుపడింది, ఇంకేం రుజువు కావాలి? ఆమె లెక్కలో ఇది లేదు. మావయ్యని కాపాడబోయి, చెయ్యని తప్పు చేసినట్టు తనే ముద్ర వేయించుకుంది. సాయంత్రం ఓనరు ఆమెని పిలిచి, మెత్తటి గొంతుతోనే చెప్పాడు. లేబుళ్ళకి ప్రత్యేకంగా మనిషి అక్కర్లేదు. ఈ వారం దాకా వచ్చి ఆపైన మానెయ్యొచ్చు. మీ అమ్మగారు అడిగితే నేను సర్దిచెబుతాను.

మావయ్య ఆ మాటలు విన్నాడు. ఇంటిదారిలో నోరు విప్పాడు. ఆయన ముఖం కొన్నాళ్ళుగా లేనంత తేటగా ఉంది.

"ఏం పర్లేదే. నేర్చుకునేటప్పుడు ఎవరికైనా చెయ్యి తప్పుతుంది. నాకూ తప్పింది చిన్నప్పుడు. ఇంకో పని చూద్దాం నీకు."

పిచ్చుక నడుస్తున్నదల్లా ఆగింది. తన చెయ్యి దెబ్బతినలేదన్న ధీమాలో ఆయన హాయిగా ఉన్నాడు. ఆ హాయి ఆమె పెట్టిన అట్టముక్కది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని పళ్ళతో పట్టుకుంది. ఆయన మీద అంత కోపం, అంత జాలి ఒకేసారి వస్తాయని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

వారం చివర మేడం స్వయంగా వచ్చింది. కాపీలు తీసుకెళ్ళేముందు తన కళ్ళతో చూసుకుంటానంది. లోపలి గదికి కిటికీ లేదు, తెర వెలుగూ మావయ్య దీపమూ తప్ప ఇంకో వెలుతురు ఉండదు. ఆవిడ తెర ముందు కుర్చీలో కూర్చుని, చూస్తున్నంతసేపూ ఒళ్ళో పెట్టుకున్న వేళ్ళతో టీచరు సైగల్ని చిన్నగా అనుకరించింది. పిచ్చుక లేబుళ్ళ పెట్టె అందివ్వడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇప్పుడు అన్నీ తెలుస్తున్నాయి" అంది మేడం. "మొదట ఏమైంది?"

"మా కొట్లో అమ్మాయి ఒకతె చెయ్యి తిరగక..." అని ఓనరు నసిగాడు.

డ్రమ్ము మురికిపడింది. మావయ్య టేపు ఆపి, పుల్ల అందుకుని తుడవడానికి పూనుకున్నాడు. పుల్లని ఆనించబోయే ముందు ఎడమచేతి వేలితో డ్రమ్ము అంచుని వెతుక్కున్నాడు. వేలు జారి సందులోకి పోయింది. అక్కడ ఆగింది. కాసేపు ముందుకీ వెనక్కీ మెల్లగా కదిలింది. ఆ మెషిన్లో ఇనుమూ, రాగీ, ప్లాస్టికూ ఎక్కడెక్కడుంటాయో ఆ వేలికి తెలుసు. కాగితం ఎక్కడా ఉండదు.

ఆయన పుల్ల కింద పెట్టి, అట్టముక్కని ఊడదీసి, టేపు నడిపించాడు. టీచరు చేతులు తెగాయి. మేడం వేళ్ళు గాల్లో ఆగిపోయాయి.

"అయ్యయ్యో, ఏం చేశారండీ!" అన్నాడు ఓనరు.

మావయ్య అట్టముక్కని మళ్ళీ సందుకి అడ్డం పెట్టి పట్టుకున్నాడు. చేతులు అతుక్కున్నాయి. తీశాడు, తెగాయి. రెండో చెయ్యి చాపి దీపం ఆర్పేశాడు. గది చీకటైంది. తెర మీద మాత్రం టీచరు రెండు చేతులూ చెక్కినట్టు నిలబడ్డాయి.

"తప్పు హెడ్లది కాదు" అన్నాడాయన. "దీపానిది. వెలుగు సెన్సరులోకి దూరుతోంది. మూత తీసి నడిపితే బయటి వెలుగు పడకుండా చూసుకోమని కొత్తగా చేరినవాడికి మొదటిరోజే చెబుతాం. నేనే చూసుకోలేదు. పిచ్చుక చూసుకుంది. అడ్డం పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది."

"ఓస్, ఇంతేనా!" ఓనరు తేలిగ్గా ఊపిరి వదిలాడు. "అయితే ఆ దీపం పారేద్దాం, పీడా పోతుంది. అమ్మాయ్, నువ్వయినా చెప్పొద్దూ?"

"పాత బల్బు అటక మీదుంది, నేను తెస్తాను" అంది పిచ్చుక గబగబా. అక్కడితో అయిపోతే బాగుండుననుకుంది. అయిపోయినట్టే ఉంది కూడా. అందరి ముఖాలూ విచ్చుకున్నాయి.

"వద్దు" అన్నాడు మావయ్య. "పాత బల్బుతో నాకు కనపడదు."

బల్బు కోసం కదలబోయిన పిచ్చుక అక్కడే ఆగింది.

"కళ్ళలో నీటికాసులట. డాక్టరుకి చూపించుకున్నాను. పోయిన చూపు రాదన్నాడు. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు." ఆయన ముఖం ఓనరు వైపు తిప్పాడు, కొంచెం పక్కకి. "ఆ రోజు మీరు మీ చెయ్యా, అమ్మాయి చెయ్యా అనడిగారు. నా చెయ్యేననుకున్నాను. అనుకుని కూడా, చూడాలి అన్నాను."

తెర మీద టీచరు పాఠం ముగించి పిల్లలకి దణ్ణం పెడుతోంది.

మేడం అడిగింది, "ఈ క్యాసెట్టు ఇంకా సగం ఉంది కదా. ఎవరు పూర్తిచేస్తారు?"

"అది చేస్తుంది" అన్నాడు మావయ్య కుర్చీలోంచి లేస్తూ. "దాని చెయ్యి నికార్సయినది. ఆ మాట అడిగిన రోజే చెప్పాల్సింది."

ఓనరు పిచ్చుక వైపు చూసి తలూపాడు. మావయ్య కుర్చీని వెనక్కి నెట్టి, బల్ల అంచు పట్టుకుని రెండడుగులు వేశాడు. బల్ల అయిపోయింది. తెర వెలుగు ఆయనకి చాలడం లేదు. ఆగి, చెయ్యి ముందుకి చాపాడు.

"ఎక్కడున్నావే?"

పిచ్చుక ఆ చేతికి అందేంత దూరంలోనే ఉంది. కదల్లేదు. మేడం ముందు, ఓనరు ముందు, ఆ చెయ్యి గాల్లో వెతుక్కుంది. ఇన్నాళ్ళూ ఈయన తనకి దారిచూపినవాడని ఆమెకి తెలుసు. అడిగిన రోజున తనని వదిలేసినవాడనీ తెలుసు. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని తుడిచెయ్యలేదు.

తర్వాత ఒక్కడుగు ముందుకి వేసి తన భుజం ఆ చేతికి అందించింది. కోపాన్ని మాత్రం ఇంటికి వెళ్ళాక తేల్చుకోవడానికి దాచుకుంది.